ముందు థర్మామీటర్, తర్వాతే పాము: అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పెంపుడు కొండచిలువ పిల్లల ఆరోగ్యం

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇవాళ చెప్పేవాటిలో కొన్ని అంకెలున్నాయి, అవి తప్పుగా వినబడితే పిల్ల ప్రాణం మీదికొస్తుంది.

నేను బాల్ పైథాన్లను పెంచుతాను, గుడ్లు పొదిగిస్తాను. డాక్టర్‌ని కాను. అందుకే మందుల పేర్లు, డోసులు ఏవీ నా నోటివెంట రావు, అడిగినా చెప్పను. కొండచిలువల్లో చాలా జాతులున్నాయి కానీ ఇళ్లలో ఎక్కువగా పెరిగేది బాల్ పైథాన్, పశ్చిమ, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి, కాబట్టి నా లెక్కలన్నీ దానివే. కార్పెట్ పైథాన్, బ్లడ్ పైథాన్, గ్రీన్ ట్రీ పైథాన్ పెంచేవాళ్లు వేడి, తేమ మీ జాతికి తగ్గట్టు సరిచూసుకోండి. బ్లడ్ పైథాన్ పిల్లకు బాల్ పైథాన్ వేడి పెడితే దానికి ఎక్కువైపోతుంది. ఇంకో మాట, మీరు ఉండేచోట కొండచిలువను పెంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో పిల్లను తెచ్చుకోకముందే కనుక్కోండి. అడవిలోంచి పట్టి తెచ్చిన పిల్ల గురించి నేను మాట్లాడను, అది ఉండాల్సింది అడవిలోనే.

నా మొదటి గుడ్ల సంగతితో మొదలుపెడతాను. ఆరు గుడ్లు. ఇంక్యుబేటర్లో, అంటే గుడ్లు పొదిగే వేడి పెట్టెలో, 31, 32 డిగ్రీల మధ్య పెట్టాను, మామూలుగా 55 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, నావి 57వ రోజు పొద్దున చీలడం మొదలైంది. పాము గుడ్డుకి కోడిగుడ్డులాగా పెళుసు పెంకు ఉండదు, తోలులాగా మెత్తగా ఉంటుంది. పిల్ల ముక్కు కొసన చిన్న గుడ్డుపన్ను ఉంటుంది, దాంతో లోపల్నుంచి గీరుతుంది, బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు పడతాయి. ఆ చీలికలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, ముక్కు మీద జిగురులాంటి ద్రవం మెరుస్తుండగా, కళ్లు సగం బయట సగం లోపల, అట్లా ఊరికే ఉంటుంది. మూత తీస్తే గాలి తగిలి మళ్లీ లోపలికి జారుకుంటుంది. గంట తర్వాత చూస్తే మళ్లీ ముక్కు బయట.

సాయంత్రానికి ఐదు పిల్లలు తలలు బయట పెట్టాయి, ఆరోది మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఇరుక్కుపోయిందనుకున్నాను. నాకు టెన్షన్. చీలిక పెద్దది చేసి పిల్లను మెల్లగా బయటికి లాగాను. దాంతోపాటు పచ్చసొన సంచి కూడా వచ్చింది, నిమ్మకాయంత, పసుపుగా, సన్నటి రక్తనాళాలు అల్లుకుని, ఇంకా బొడ్డుకి అంటుకునే ఉంది. టబ్‌లో పెట్టేలోపు అది చిట్లింది. ఆ పిల్ల రెండో రోజు రాత్రి పోయింది. మిగతా ఐదూ ఆ మరుసటి రోజు వాటంతట అవే బయటికొచ్చాయి, పొట్టలు చక్కగా మూసుకుని.

అది ఇరుక్కోలేదండీ. పని చేసుకుంటోంది. తల బయటపెట్టాక పిల్ల ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు గుడ్డులోనే ఉంటుంది. అప్పుడే ఊపిరితిత్తులు గాలికి అలవాటు పడతాయి, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా పొట్టలోకి వెళ్తుంది, రక్తనాళాలు ఆగిపోతాయి. ఆ సొనే తర్వాత కొన్ని వారాల పాటు దాని తిండి, దాని నీళ్లు. నేను లాగేసింది ఆ మూటని. అప్పట్నుంచి నేను చూసినంతలో, మొదటి మూడు నెలల్లో పిల్లల్ని ఇబ్బంది పెట్టేవాటిలో చాలావరకు రెండు చోట్ల మొదలవుతాయి. ఒకటి డబ్బాలో వేడి, తేమ తప్పడం. రెండోది మన తొందర. అసలు జబ్బులు లేవని అనట్లేదు, ఉన్నాయి, వాటికొస్తాను. కానీ ఎవరైనా ఫోన్ చేసి మా పిల్ల బాలేదు అంటే నేను అడిగే మొదటి ప్రశ్న పాము గురించి ఉండదు. మీ థర్మామీటర్ ఎక్కడ పెట్టారు, ఎంత చూపిస్తోంది అని అడుగుతాను.

గుడ్డు దగ్గరే ఇంకొంచెం ఆగుదాం. తోటి పిల్లలన్నీ తలలు బయటపెట్టి ఒకటి రెండు రోజులైనా ఒక గుడ్డు అసలు చీలకపోతే, అప్పుడు గుడ్డు పైభాగాన చిన్న గాటు పెట్టడం తప్పు కాదు. పదునైన చిన్న కత్తెరతో, కొన కిందికి దిగకుండా, తోలు మాత్రమే కత్తిరించాలి, రక్తనాళం కనిపిస్తే ఆగిపోవాలి. గాటు పెట్టాక మూత వేసి వదిలెయ్యండి. పిల్లను లాగకండి. ఒకవేళ పిల్ల తనంతట తానే కొంచెం సొన మిగుల్చుకుని బయటికొచ్చేస్తే, శుభ్రమైన చిన్న డబ్బాలో తడిపి పిండిన పేపర్ టవల్ పరిచి, చీకట్లో, 30 డిగ్రీల దగ్గర ఉంచండి. చెక్కపొట్టు, కొబ్బరిపీచు లాంటివి వద్దు, అవి సొనకి అంటుకుని ఇన్ఫెక్షన్ తెస్తాయి. చిన్నదైతే ఒకట్రెండు రోజుల్లో లోపలికి పోతుంది, లేదా ఎండి రాలిపోతుంది. పెద్దదైతే, వాసన వస్తుంటే, రంగు మారితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. దారం కట్టడం, కత్తిరించడం మన పని కాదు.

కొన్నిసార్లు బొడ్డు మూసుకుపోయి బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం సొన ఇంకకుండా ఉండిపోయి కుళ్లుతుంది. పిల్ల పొట్ట కింది భాగం ఉబ్బి ఉంటుంది, ఏమీ తినకపోయినా లావుగా కనిపిస్తుంది, చుట్ట చుట్టుకోకుండా వదులుగా పడుకుంటుంది. ఇంక్యుబేటర్ వేడి తప్పినప్పుడు, శుభ్రత లేనప్పుడు దీనికి ఎక్కువ అవకాశం. ఇది ఇంట్లో తగ్గేది కాదు, ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ఎంత ముందు పట్టుకుంటే అంత మంచిది.

పిల్ల బయటికొచ్చాక ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి, ఒక్కసారే. 50 నుంచి 80 గ్రాములు ఉంటుంది, అరచేతిలో పడుతుంది. బొడ్డు మూసుకుందా, ముక్కు రంధ్రాలు రెండూ తెరిచి ఉన్నాయా, కళ్లు రెండూ సమానంగా ఉన్నాయా, వెన్ను మీద వేలు పోనిస్తే ఎక్కడైనా వంకర తగులుతోందా, వెల్లకిలా తిప్పితే వెంటనే బోర్లా తిరుగుతోందా. బరువు రాసుకోండి. గ్రాముల్లో తూచే కాటా పామువాళ్లందరికీ ఉండాల్సిన మొదటి వస్తువు, టార్చిలైటు కంటే ముందు. ఆ తర్వాత దాన్ని డబ్బాలో పెట్టి మర్చిపోయినట్టే ఉండండి.

డబ్బా గురించి. పిల్ల చిన్నది కదా, పెద్ద అద్దాల పెట్టెలో వేస్తే హాయిగా తిరుగుతుందని అనుకుంటాం. నిజానికి అడవిలో ఇంత చిన్న పాముని అందరూ తినేవాళ్లే, గద్దల దగ్గర్నుంచి పెద్ద పాముల దాకా. ఖాళీ జాగా అంటే దానికి ప్రమాదం. దాక్కోవడానికి సందు లేకపోతే అది తినదు. గాలి రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ టబ్, కింద పేపర్ టవల్, వేడి వైపు ఒక గూడు, చల్ల వైపు ఒక గూడు, రెండూ ఇరుగ్గా, చుట్టచుట్టుకుంటే ఒంటికి నాలుగు వైపులా గోడ తగిలేంత ఇరుగ్గా ఉండాలి. ఒక్క గూడే పెడితే ఏమవుతుందంటే, వేడి కావాలా దాక్కోవాలా అని అది రోజూ తేల్చుకోవాలి, ఎప్పుడూ దాక్కోవడమే ఎంచుకుంటుంది, చలికి అరుగుదల ఆగిపోతుంది. బోల్తా పడని బరువైన చిన్న నీళ్ల గిన్నె ఒకటి. అంతే. దేవదారు పొట్టు, పైన్ పొట్టు ఏ రూపంలోనూ వద్దు, వాటి వాసనలోని నూనెలు పాముల ఊపిరితిత్తులకి మంచివి కావు. ఒక టబ్‌లో ఒక్క పిల్ల. రెండు పిల్లల్ని కలిపి పెట్టారంటే ఏది కక్కిందో, ఏది తినలేదో, ఏది మలం వేసిందో మీకు తెలియదు.

వేడి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్ల వైపు 25 నుంచి 27. నేల అన్నాను, గమనించండి, ఎందుకంటే పిల్ల ఉండేది నేల మీద, గోడకి నాలుగంగుళాల పైన అతికించిన గుండ్రటి మీటర్ చూపించేది పైన గాలి వేడి. అలాంటి ముల్లు మీటర్లని నేను అసలు నమ్మను, వైరు కొసన సెన్సర్ ఉన్న డిజిటల్ మీటర్ తీసుకుని ఆ సెన్సర్ని గూట్లో, పాము పడుకునే చోటే పెట్టండి. హీట్ మ్యాట్ ఏదైనా సరే థర్మోస్టాట్, అంటే వేడిని హద్దులో ఉంచే పరికరం, లేకుండా ప్లగ్గులో పెట్టొద్దు. పాముకి కాలుతున్నా లేచి పక్కకి పోవాలన్న తెలివి మనకున్నట్టు ఉండదు, పొట్ట కింద పొలుసులు కమిలిపోయేదాకా అక్కడే పడుకుంటుంది. పొట్ట కింద ఎర్రగానో గోధుమరంగుగానో మచ్చ కనిపిస్తే అది కాలిన మచ్చ కావచ్చు, ఎప్పుడూ తడిగా ఉండే పరుపు వల్ల పొలుసులు కుళ్లడమూ కావచ్చు, రెండూ డాక్టర్ చూడాల్సినవే. తేమ 55 నుంచి 70 శాతం. తేమ అంటే గాలిలో ఉండాలి, కింద నీళ్లు నిలిచి ఉండకూడదు.

ఒక వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలకి మొదటి కుబుసం విడుస్తుంది. ముందు కళ్లు పాలు పోసినట్టు నీలంగా మసకబారతాయి, పొట్ట గులాబీ రంగుకొస్తుంది, తర్వాత కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత కొద్ది రోజులకి కుబుసం వస్తుంది. కుబుసాన్ని పారేయకండి. దాన్ని నీళ్లలో కొంచెం నానబెట్టి తల భాగం విప్పి వెలుతురుకి పట్టి చూడండి, రెండు కళ్ల దగ్గర రెండు చిన్న గుండ్రటి అద్దాల్లాంటివి కనిపించాలి, చేతి గడియారం అద్దం లాగా పైకి ఉబ్బి ఉంటాయి, ఆవగింజకి కాస్త పెద్దవి. పాముకి రెప్పలుండవు, కంటి మీద ఆ పారదర్శకమైన పొలుసే ఉంటుంది, కుబుసంతోపాటు అదీ రావాలి. రాకపోతే కంటి మీదే ఉండిపోతుంది, కన్ను ముడతలుపడినట్టు మసగ్గా ఉంటుంది. అలాగే తోక కొస. తోక కొసన పాత చర్మం ఉంగరంలా బిగుసుకుపోతే రక్తం ఆడక ఆ కొస నల్లబడి రాలిపోతుంది.

కుబుసం ముక్కలు ముక్కలుగా వచ్చిందంటే అది తేమ తక్కువైందని పాము చెప్తున్నట్టు. తడి పేపర్ టవళ్లు నింపిన, గాలాడే డబ్బాలో, గోరువెచ్చగా, అరగంట, గంట ఉంచితే చాలావరకు అదే ఊడిపోతుంది. కంటి పొలుసుని మాత్రం పట్టకారుతో, గోరుతో, టేపుతో లాగొద్దు. కింద ఉన్న కొత్త పొలుసు కూడా ఊడి వస్తే కన్ను పోతుంది. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగండి, చాలాసార్లు రెండూ కలిసి వచ్చేస్తాయి. అప్పటికీ రాకపోతే డాక్టర్. ఒంటి మీద ముడతలు, లోపలికి పోయిన కళ్లు, సున్నపురాయిలా గట్టిపడిన తెల్లటి మూత్రం, ఇవి ఒంట్లో నీళ్లు తగ్గిన గుర్తులు, పిల్లల్లో ఇది చాలా వేగంగా ముదురుతుంది.

ఇప్పుడు తిండి. మీలో సగం మంది వచ్చింది దీనికోసమేనని తెలుసు.

మొదటి కుబుసం అయ్యేదాకా ఏమీ పెట్టొద్దు. కడుపులో సొన ఉంది, దానికి ఆకలి ఉండదు. కుబుసం అయ్యాక మరో రెండు మూడు రోజులు ఆగి, పిల్ల బరువులో 10 నుంచి 15 శాతం ఉండే ఎర పెట్టండి. అంటే 60 గ్రాముల పిల్లకి 6 నుంచి 9 గ్రాములు, అప్పుడే బొచ్చు వచ్చి గెంతడం మొదలుపెట్టే చిట్టెలుక పిల్ల అంత. కాటా లేకపోతే పాము నడుము ఎంత లావుందో ఎర అంత లావుండాలి, అంతకు మించొద్దు. ఫ్రీజర్లోంచి తీసిన ఎరని ఫ్రిజ్‌లో కరగనిచ్చి, తర్వాత వేడి నీళ్లలో మనిషి ఒంటి వేడికి కొంచెం పైకి తేవాలి, తల భాగం ఇంకా వెచ్చగా ఉండాలి. కొండచిలువ పెదాల వెంట చిన్న చిన్న గుంటలుంటాయి, వేడిని పసిగట్టేవి, చీకట్లో అది ఎలుకని చూసేది వాటితోనే. చల్లటి ఎలుక దానికి ఎలుకలాగా కనిపించదు. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. వంటింట్లో వాడే గిన్నెలు దీనికి వాడొద్దు.

బాల్ పైథాన్ పిల్ల మొదటిసారి వద్దంటే కంగారు పడకండి. నా దగ్గర నాలుగైదు సార్లు వద్దన్నవి ఉన్నాయి, ఇప్పుడు వాటిని ఆపడం కష్టం. వద్దన్నప్పుడు మనం చేసే పని ఏంటంటే, మర్నాడు మళ్లీ పెట్టడం, ఆ మర్నాడు మళ్లీ, మధ్యలో బయటికి తీసి చూడటం, బతిమాలినట్టు మూతికి తగిలించడం. ప్రతిసారీ దానికి భయమే, భయపడ్డ పాము తినదు. ఐదు నుంచి ఏడు రోజులకి ఒక్కసారి, రాత్రిపూట, లైట్లు తగ్గించి, పెట్టి వదిలెయ్యండి. తినకపోతే పొద్దున తీసెయ్యండి. ఆ వారంలో వేడి సరిచూడండి, గూడు ఇంకా ఇరుకు చెయ్యండి, టబ్‌లో నలిపిన కాగితాలు నింపండి, ఎలుక పిల్ల బదులు చిట్టెలుక పిల్లని పెట్టి చూడండి, చాలా పిల్లలకి దాని వాసనే నచ్చుతుంది. బతికున్న ఎర పెట్టాల్సి వస్తే కళ్లు తెరవని పిల్లనే, అది కూడా మీరు పక్కనుండి చూస్తూ. పళ్లొచ్చిన ఎలుకని పామున్న డబ్బాలో వదిలి నిద్రపోతే తెల్లారేసరికి గాయాలు పాము ఒంటిమీద ఉంటాయి.

ఎంతకాలం ఆగాలి? తేదీ చూసి కాకుండా బరువు చూసి తేల్చండి. బరువు నిలకడగా ఉండి, పిల్ల చురుగ్గా నాలుక ఆడిస్తుంటే ఐదారు వారాలు ఆగినా ఏం కాదు. మొదటి బరువులో పదో వంతు పోయిందంటే, లేదా వెన్నెముక గట్టులా పైకి తేలిందంటే, ఇక ఆగొద్దు. అప్పుడు నోరు తెరిపించి ఎర తల అందించి, మింగడం దానికే వదిలే పద్ధతి ఒకటుంది, అనుభవమున్నవాళ్లు చెయ్యి పట్టి చూపిస్తే నేర్చుకోండి, వీడియో చూసి చేయొద్దు, ఆ దవడ ఎముకలు అగ్గిపుల్లకంటే సన్నం. బలవంతంగా గొంతులోకి తోయడం మాత్రం డాక్టర్ చేయాల్సిందే.

తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే కక్కుతుంది. కక్కడం మనకి వాంతిలాంటి చిన్న విషయం కాదు. అరిగీ అరగని ఎలుకతోపాటు కడుపులోని ఆమ్లం, నీళ్లు, లవణాలు పోతాయి, అన్నవాహిక కాలుతుంది, 60 గ్రాముల ఒంటికి అది పెద్ద దెబ్బ. కక్కిన వెంటనే పాపం ఆకలిగా ఉంటుందని ఇంకోటి పెడితే అదీ కక్కుతుంది. నీళ్లుంచి, వేడి సరిచూసి, రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఉంచి, తర్వాత మామూలు ఎరలో సగం ఉన్నది పెట్టండి. రెండోసారి కూడా కక్కితే తప్పు డబ్బాది కాకపోవచ్చు, మలం పరీక్ష చేయించాలి, పరాన్నజీవులున్నాయేమో చూడాలి.

తిండి విషయంలో ఇంతసేపు ఆగండి ఆగండి అన్నాను కదా. ఊపిరి విషయంలో సరిగ్గా దానికి వ్యతిరేకంగా చెప్తాను. పాముకి మనకున్నట్టు డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, లేదు, దగ్గలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన కఫాన్ని బయటికి నెట్టే దారి దానికి దాదాపు లేనట్టే. అందుకే ఊపిరి తీసుకుంటుంటే టిక్కు టిక్కుమని చప్పుడు, ఈల, ముక్కు దగ్గర బుడగలు, పెదవుల అంచున జిగురు, తల పైకెత్తి గోడకానించి ఉండటం, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాం అనొద్దు. కుబుసానికి ముందు ముక్కులో పాత చర్మం అడ్డుపడి కొంచెం ఈల రావచ్చు, కుబుసంతో పోతుంది. జిగురు, బుడగలు ఉంటే మాత్రం అది కుబుసం వల్ల కాదు. డాక్టర్‌ని కలిసేదాకా వేడిని ఆ 31 నుంచి 33 డిగ్రీల్లో, రాత్రిళ్లు కూడా పడిపోకుండా ఉంచండి, పాము ఒంట్లో రోగంతో పోరాడే శక్తి వేడి మీదే ఆధారపడి ఉంటుంది. మనుషుల యాంటీబయాటిక్ బిళ్లని ముక్కలు చేసి నీళ్లలో కలపడం లాంటివి దయచేసి చేయొద్దు.

మందులకి తగ్గకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే వైరస్ పరీక్ష అడగండి. బాల్ పైథాన్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే నిడోవైరస్‌ని 2014లో వివరించారు, ఇప్పుడు సెర్పెంటోవైరస్ అంటున్నారు. నోట్లోంచి స్వాబ్ తీసి పరీక్ష చేస్తారు. దీనికి మందు లేదు, ఉన్నదల్లా వేరుగా ఉంచడం, సపర్యలు చేయడం. ఇంకోటి ఇంక్లూజన్ బాడీ డిసీజ్, దాని వెనక ఎరీనావైరస్‌లున్నాయని 2012లో బయటపడింది. బోవా పాములు దాన్ని ఏళ్లతరబడి పైకి కనిపించకుండా మోయగలవు, కొండచిలువల్లో మాత్రం నరాల మీద పడి త్వరగా ముదురుతుంది. మెడ తిప్పేసి ఆకాశం చూడటం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం దాని గుర్తులు. అందుకే బోవాలూ కొండచిలువలూ ఒకే గదిలో వద్దంటాను నేను.

ఇలాంటివి ఇంట్లోకి వచ్చే దారి ఎక్కువసార్లు కొత్త పామే. కొత్తదాన్ని వేరే గదిలో, వేరే పనిముట్లతో, మూడు నెలలు ఉంచండి, రోజూ పాతవాటి పని అయ్యాకే దాని పని చూడండి. పేలలాంటి నల్లటి పురుగులు, పాము మైట్లు, మిరియపు పొడి రవ్వంత ఉంటాయి. నీళ్ల గిన్నె అడుగున నల్లటి చుక్కలు మునిగి కనిపిస్తే, పిల్ల గంటలకొద్దీ నీళ్లలో కూర్చుంటే, కంటి చుట్టూ, గడ్డం కింది గాడిలో చూడండి. తెల్ల కాగితం పరచడానికి అదో కారణం, వెంటనే కనపడతాయి. అవి రక్తం తాగుతాయి, చిన్న పిల్లకి రక్తహీనత వచ్చి పోవచ్చు. రెండు మూడు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది కాబట్టి ఒక్కసారి కడిగితే పోవు, డబ్బా, గది, పాము మూడూ కలిపి చాలాసార్లు చేయాలి. కుక్కల స్ప్రే, చీమల మందు కొట్టి మైట్లతోపాటు పిల్లనీ చంపుకున్నవాళ్లని చూశాను. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి.

కొన్ని ఇబ్బందులు పుట్టుకతో వస్తాయి. ఇంక్యుబేటర్ వేడి ఎక్కువైతే వెన్ను వంకర్లు రావచ్చు. రంగుల కోసం పెంచే రకాల్లో కొన్నింటికి రంగుతోపాటే లోపం వస్తుంది. స్పైడర్ రకం పిల్ల తల ఊగుతుంది, ఎరని గురిచూసి కొట్టలేదు. వాటి లోపలి చెవి సరిగ్గా ఏర్పడదని 2022లో వచ్చిన పరిశోధన చూపించింది, అంటే అది అలవాటూ కాదు, భయమూ కాదు, దానికి కింద ఏదో పైన ఏదో సరిగ్గా తెలియట్లేదు. నేను ఆ రకాన్ని పొదిగించడం మానేశాను. అందంగా ఉన్నాయి, నిజమే. కానీ తల నిలపలేని పిల్లని చేతిలో పట్టుకున్నాక నాకు మనసొప్పలేదు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే దాన్ని ప్రేమగా చూసుకోండి, ఎత్తులేని గూడు, ప్రశాంతమైన చోటు ఇవ్వండి, దాంతో పిల్లల్ని మాత్రం పొదిగించకండి.

ప్రశ్నలు అడగండి, టైముంది.

ఇంట్లో చిన్నపిల్లలు పాముని పట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. మూడు నాలుగు సార్లు వరసగా తిన్నాక, రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాములో కూడా సాల్మొనెల్లా, అంటే మనకి విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా, ఉండొచ్చు, అందుకే పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు, టబ్ వంటింటి సింకులో కడగొద్దు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వ్యాధి నిరోధకశక్తి తగ్గినవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని దూరంగా ఉంచండి.

మలద్వారం దగ్గర ఎర్రటి కండ బయటికొచ్చింది, లోపలికి నెట్టొచ్చా అని రాసిచ్చారెవరో. నెట్టొద్దు. శుభ్రమైన తడి గుడ్డ మీద ఉంచి ఎండిపోకుండా చూసి, ఈ మీటింగ్ వదిలేసి ఇప్పుడే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. రాసినవాళ్లు ఈ గదిలోనే ఉంటే నేనేమీ అనుకోను, వెళ్లండి. పిల్లని మెత్తటి గుడ్డసంచిలో వేసి, సంచి మూతి కట్టి, వేడి నిలిచే థర్మాకోల్ డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి.

చివర్న నిలబడ్డ అమ్మాయి చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉంది. చెప్పమ్మా. ఐదు వారాలైనా ఏమీ తినలేదా? ఎంత బరువు, పుట్టినప్పుడు ఎంత? 64 గ్రాములు, ఇప్పుడు 62. కుబుసం ఒకే ముక్కగా వచ్చిందా? మంచిది. గూడు ఎంతుంది? చూపించు ఎంతుందో చేతులతో. అంత పెద్దదా. సగం చెయ్యి దాన్ని, టీకప్పు బోర్లించి అంచున చిన్న వాకిలి చేసినంత చాలు. సెన్సర్ గూట్లో పెట్టు. ఇవాళ ముట్టుకోకు, ఎర పెట్టకు, వచ్చే వారం రాత్రి లైటు ఆపి చిట్టెలుక పిల్లని వెచ్చజేసి వాకిలి దగ్గర పెట్టి, తలుపేసి వచ్చేయ్. పొద్దున లేచాక చూడు. తిన్నా తినకపోయినా నాకు ఫోన్ చేసి బరువు చెప్పు.